నిమిషానికి ఎన్ని పదాలు

రేవులో పడవ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని
కాలే ఇసకలో అరమైలు నడిచి బడికొచ్చాను.
సంచిలో ముప్పై ఎనిమిది ఫారాలు,
ఒక స్టాప్‌వాచీ, రెండు పెన్నులు,
మూడింటికే ఆఖరి పడవన్న బెంగ.

చినబూరుగులంక ప్రాథమిక పాఠశాల.
రోజూ మొదటి అరగంట బడంతా చదువుతుందట,
ఒకటి నుంచి అయిదు దాకా, వంటామెతో సహా.
ఏడాదైంది. ఏం ఒరిగిందో తేల్చి రమ్మన్నారు.

ఫారంలో అయిదు గళ్లు:
అక్షరం, పదం, వాక్యం, పేరా, కథ.
పిల్ల ఎక్కడ ఆగితే అక్కడ టిక్కు.

ఓలేటి పోలేశ్వరి, నాలుగో తరగతి.
లాకులెత్తిన కాలవలా చదివింది,
నిమిషానికి తొంభై రెండు పదాలు.
"కథలో ఎవరెవరున్నారమ్మా?"
రేకుల కప్పుకేసి చూసింది.
"చదివేశాను కదండీ" అంది.
కథ గడిలో టిక్కు పెట్టాను.
నిబంధన అదే.

గెద్దాడ సంసోను, మూడో తరగతి.
'నది నీలంగా, నిండుగా పారుతోంది'
అక్కడ ఆగిపోయాడు.
పది సెకన్లు. పదిహేను. పంతొమ్మిది.
"రావట్లేదా నాన్నా?"
"వచ్చిందండి. నిండుగా ఉంటే నీలంగా ఎందుకుంటదండి?
ఎర్రనీరు కదండీ.
పోయినేడు మా దూడ కొట్టుకుపోయినప్పుడు
దాని చెవులు కూడా ఎర్రగానే ఉన్నాయండి."
ముప్పై ఒక్క పదాలు.
వాక్యం దగ్గర టిక్కు పెట్టాలి.
పెన్ను కాసేపు గాలిలోనే ఉండిపోయింది.
తర్వాత పెట్టాను.

కరుణకుమారి టీచరు నన్నేమీ అడగలేదు.
పుస్తకాలు చూస్తారా అంది.
రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టెలో ఉన్నాయి.
"బీరువా మునుగుతుందండి. ఇది తేలుతుంది."
ఇచ్చినవి నూట పన్నెండు, ఉన్నవి తొంభై ఏడు.
"పోయాయని రాయకండి,
పదిహేనూ ఏయే ఇళ్లల్లో ఉన్నాయో నాకు తెలుసు."

ఒక్కొక్కటీ తీసి చూశాను.
పిల్లల్ని పరీక్షించినంత సేపూ పట్టింది.
మంచి అలవాట్ల పుస్తకం కొత్త పెళ్లికొడుకులా బిగుసుకుని ఉంది,
పేజీలు ఒకదాన్నొకటి వదల్లేదు.
రాజుగారి తీర్పు కథ మీద దుమ్ము కూడా మర్యాదగా కూర్చుంది.
కాలు తెగిన పీత కథకి మాత్రం అట్ట లేదు.
ఎవరో వలదారంతో కుట్టారు.
మధ్యలో ఒక చేప పొలుసు, ఎండి, అద్దంలా.
పీతకి కాలు మళ్లీ మొలిచే పేజీలో
పసుపు వేలిముద్రలు,
ప్రతి పదం కిందా ఒకటి,
నాట్లేసిన చాళ్లలాగా.

పసుపు ఎవరిదని అడగక్కర్లేకపోయింది.
గరిటె కడుక్కుంటూ గుమ్మంలో నిలబడింది బుల్లెమ్మ.
"నన్ను పరీక్ష చెయ్యరేంటండీ?
ఒకటో తరగతోళ్లతో పాటే మొదలెట్టాను,
ఆళ్ల కంటే ముందే ఒత్తులు పట్టుకున్నాను."
ఫారాలు ముప్పై ఎనిమిదే. అన్నీ అయిపోయాయి.
ఆమె నేల మీద చతికిలబడి పేజీ తెరిచింది.
"పీ... త... కి..."
సంసోను వెనకనుంచి తొంగి చూస్తున్నాడు,
అందివ్వాలని పెదాలు కదుల్తున్నాయి, అందివ్వట్లేదు.
"కా... లు... మొ..."
స్టాప్‌వాచీ జేబులో ఉంది. తియ్యలేదు.
రేవులో సరంగు రెండుసార్లు కేకేశాడు.
"మొ... లి... చిం... ది."
బుల్లెమ్మ తన కాలికేసే ఓసారి చూసుకుంది.

పడవలో ఒళ్లో పెట్టుకుని నింపాను.
సగటు: యాభై ఆరు. ఆశించినది: అరవై.
పథకం పాక్షికంగా సఫలం.
'సూచనలు' అన్నచోట రెండు గీతలిచ్చారు.
ఒక గీత మీద రాశాను:
పరీక్ష వాక్యంలో నది రంగు మార్చాలి.

తలెత్తి చూశాను.
మార్చి నెల నీళ్లు, పడవ పక్కన
నీలంగానే ఉన్నాయి.
తెడ్డు దించితే ఇసక తగులుతోంది.